కడప దర్శకుడి పదకొండు సినిమాలు

ముప్ఫై ఏళ్లు, పదకొండు సినిమాలు. సినీలోకం బి.ఎన్. రెడ్డిగా పిలిచిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి దర్శకుడిగా మిగిల్చిన లెక్క ఇంతే. మొదటి చిత్రం ‘వందేమాతరం’ 1939లో వచ్చింది, చివరిది ‘బంగారు పంజరం’ 1969లో వచ్చింది. సొంత నిర్మాణ సంస్థ, కొంతకాలం సొంత స్టూడియో, ఆ తర్వాత తమ్ముడి చేతిలో ఉన్న అదే స్టూడియో, పిలిస్తే వచ్చే తారలు, ఇన్ని ఉండి కూడా సగటున మూడేళ్లకు ఒక్కటి చొప్పున తీశారంటే అది అవకాశాలు లేక కాదు. తీయకుండా ఉండడం కూడా ఆయన పనిలో భాగమే.

ఇప్పుడు స్వతంత్ర సినిమా అంటే పెద్ద సంస్థల డబ్బు లేకుండా, తారల బలం లేకుండా, చిన్న బృందంతో తీసేది అనుకుంటారు. ఆ కొలబద్ద పెట్టి చూస్తే బి.ఎన్. స్వతంత్రుడు కారు. ఆయన చిత్రాల్లో నాగయ్య, భానుమతి, ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఉన్నారు, సెట్లు ఖరీదైనవి, పాటలకు లోటు లేదు. కొలతను కొంచెం మార్చాలి. కథ ఎవరు ఎంచుకున్నారు, స్క్రిప్టు పూర్తయిందని ఎవరు తేల్చారు, నచ్చని సన్నివేశాన్ని పక్కన పెట్టే హక్కు ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకూ ఆయన ముఖ్యమైన చిత్రాలన్నింటిలో ఒకే జవాబు వస్తుంది. ఆ హక్కు ఆయనకు ఎలా వచ్చింది, దానికి ఏం చెల్లించారు అన్నది చూడాలంటే కథను కడప నుంచి మొదలుపెట్టాలి.

1908 నవంబరు 16న పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లిలో పుట్టారు. కుటుంబానిది ఉల్లిపాయల ఎగుమతి వ్యాపారం. కడప జిల్లా పొలాల్లో పండిన ఉల్లి మద్రాసు చేరి, ఓడలెక్కి బర్మాకు వెళ్లేది. ఆ వ్యాపారమే కుటుంబాన్ని మద్రాసుకు తీసుకెళ్లింది. అక్కడ ఉల్లి పక్కన అచ్చు యంత్రం చేరింది, బి.ఎన్.కె. ప్రెస్ పుట్టింది. తమ్ముడు బి. నాగిరెడ్డి తర్వాతి కాలంలో విజయా సంస్థను, ‘చందమామ’ను నడిపిన మనిషి. మరో తమ్ముడు బి.ఎన్. కొండారెడ్డి ఛాయాగ్రాహకుడు అయ్యారు. అంటే బి.ఎన్. సినిమాలోకి వచ్చేటప్పటికి ఆయన వెనుక జమీందారీ లేదు, నాటక సమాజమూ లేదు. సరుకు, రవాణా, అప్పు, వడ్డీ తెలిసిన వ్యాపార కుటుంబం ఉంది. కళాకారుడిగా మాత్రమే ఆయనను తలచుకునేవారు ఈ సంగతిని తేలికగా దాటేస్తారు. లెక్కలు తెలియని మనిషికి ఆ కాలపు మద్రాసులో పదకొండు కాదు, మూడు సినిమాలు కూడా తన ఇష్టప్రకారం తీయడం సాధ్యమయ్యేది కాదు.

కడప జిల్లాకు ప్రదర్శన కళలో అప్పటికే గట్టి వారసత్వం ఉంది. సురభి నాటక సంస్థ పుట్టింది ఈ జిల్లాలోని సురభి గ్రామంలోనే, 1885లో. పౌరాణిక కథలు, తెరలు, యంత్రాలతో చేసే వింతలు వారి ప్రత్యేకత. పక్కనే అనంతపురం జిల్లా తాడిపత్రి. ఆధునిక తెలుగు నటనకు పెద్దదిక్కుగా చెప్పుకునే బళ్లారి రాఘవ అక్కడే పుట్టారు. ఒకరిది కనికట్టు, మరొకరిది సహజత్వం. ఈ రెండు దారులూ తర్వాత సినిమాలోకి వచ్చాయి, వాటిని తెచ్చినవారిద్దరూ సీమవాళ్లే కావడం విశేషం. తాడిపత్రి దగ్గరి కె.వి. రెడ్డి ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’లతో కనికట్టును శిఖరానికి చేర్చారు. బి.ఎన్. రెండో దారి పట్టారు.

ఆ దారిలో మొదటి అడుగు హెచ్.ఎం. రెడ్డి పక్కన పడింది. తెలుగులో తొలి పూర్తి టాకీ ‘భక్త ప్రహ్లాద’కు దర్శకత్వం వహించిన హెచ్.ఎం. రెడ్డితో కలిసి రోహిణీ సంస్థలో భాగస్వామిగా చేరారు. 1938లో ‘గృహలక్ష్మి’ వచ్చింది. నాగయ్య తొలిసారి తెరమీద కనిపించింది అందులోనే. ఆ ఒక్క చిత్రంతో ఆ భాగస్వామ్యం ముగిసింది. బి.ఎన్. బయటికి వచ్చి, తాడిపత్రి వ్యాపారి మూలా నారాయణస్వామి అండతో వాహినీ పిక్చర్స్ మొదలుపెట్టారు. ఛాయాగ్రాహకుడు కె. రామ్‌నాథ్, కళాదర్శకుడు ఎ.కె. శేఖర్, రచయిత సముద్రాల రాఘవాచార్య, నటుడు నాగయ్య ఆ జట్టులో చేరారు. నారాయణస్వామి మిత్రుడైన కె.వి. రెడ్డి క్యాషియరుగా వచ్చారు.

వాహినీ ప్రత్యేకత దాని పెట్టుబడి కన్నా దాని జట్టులోనే ఉంది. డబ్బు పెట్టిన మనిషి కథలో వేలు పెట్టలేదు. దర్శకుడు సంస్థలో భాగస్వామి కావడం వల్ల నిర్మాత ఒత్తిడి అనేది బయటినుంచి రాలేదు. కెమెరా పట్టిన రామ్‌నాథ్ స్క్రీన్‌ప్లే చర్చల్లోనూ కూర్చునేవారు. ఆయనే తర్వాత తమిళంలో పేరున్న దర్శకుడు అయ్యారు. డబ్బు పెట్టెకు కాపలా ఉన్న క్యాషియరు కొన్నేళ్లకే దర్శకుడు కావడం ఇంకెక్కడా చూడం. వాహినీ ఒక సంస్థ అనడం కన్నా ఒక బడి అనడం సబబు.

ఆ బడి మొదటి మూడేళ్లలో మూడు చిత్రాలు తీసింది, మూడూ సాంఘికాలే. పురాణాలే సొమ్ము అనుకున్న రోజులవి. అయితే గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ తీసి తలుపు తెరిచి ఉంచారు. ‘వందేమాతరం’లో చదువుకుని ఉద్యోగం దొరకని యువకుడు, కట్నం కోసం వేధించే అత్త, వీధిన పడే కోడలు, కథను మలుపు తిప్పే లాటరీ డబ్బు ఉన్నాయి. ఆ పేరుతోనే తంటా వచ్చి ‘మంగళసూత్రం’ అన్న మరో పేరు కూడా తగిలించాల్సి వచ్చింది. 1940 నాటి ‘సుమంగళి’ బాలవితంతువు గురించి. కందుకూరి వీరేశలింగాన్ని తలపించే పంతులు పాత్రను, అప్పటికి నడివయసు కూడా దాటని నాగయ్య వేశారు. 1941లో వచ్చిన ‘దేవత’లో ఇంగ్లండులో చదివి వచ్చిన యువకుడు ఇంటి పనిమనిషిని మోసం చేస్తాడు. ఆ ఇంటి మర్యాద, ఆ మనిషి పిరికితనం, ఆ అమ్మాయి నిబ్బరం కలిసి కథను నడిపిస్తాయి.

ఈ మూడింటిలో ఇప్పటికీ నిలబడేది ‘దేవత’ అని చెప్పవచ్చు. మొదటి రెండింటిలో సంస్కరణ ముందు నడుస్తుంది, మనుషులు దాని వెనుక వస్తారు. ‘దేవత’లో వరస మారింది. తప్పు చేసినవాడు దుర్మార్గుడు కాడు, మంచివాడే. మంచివాడు కాబట్టే ఆ తప్పు మరింత నొప్పిగా తగులుతుంది. ఈ పట్టు బి.ఎన్.కు ఇక్కడ దొరికింది, చివరిదాకా వదల్లేదు.

తర్వాత నాలుగేళ్ల ఖాళీ. దానికి కారణం ఆయన ఒక్కరే కాదు. యుద్ధం వచ్చింది. 1942 మార్చిలో రంగూన్ పడిపోయింది, ఏప్రిల్‌లో జపాన్ దాడి భయంతో మద్రాసు నగరం సగం ఖాళీ అయింది. ముడి ఫిలిం కొరత వల్ల చిత్రం నిడివి 11,000 అడుగులు దాటకూడదన్న నిబంధన వచ్చింది. ఆ కాలంలోనే బి.ఎన్. చేసిన ముఖ్యమైన పని ఒకటుంది. కె.వి. రెడ్డికి ‘భక్త పోతన’ అప్పగించడం. అది ఘనవిజయం సాధించింది. సంస్థను నిలబెట్టే భక్తి చిత్రాన్ని వేరొకరి చేతిలో పెట్టి, తన సాంఘికాల దారిలో తాను ఉండిపోవడం ఉదారత అనిపిస్తుంది. అది లెక్క కూడా. జట్టులో ఒకరు సంపాదిస్తే ఇంకొకరు ఆలస్యం చేయవచ్చు. స్వతంత్రానికి ఈ ఏర్పాటు ఎంత అవసరమో ఇప్పటి దర్శకులు తరచూ తప్పులు చేసి తెలుసుకుంటున్నారు.

1945లో ‘స్వర్గసీమ’. భార్యాపిల్లలున్న మనిషి నటి మోజులో పడి ఇల్లు వదిలేసే కథ. వీధిలో ఆడిపాడే సుబ్బి రంగస్థలం మీద సుజాతాదేవి అవుతుంది. భానుమతికి తార హోదా తెచ్చింది ఈ పాత్రే. ఘంటసాల గొంతు సినిమాలో వినిపించడం మొదలైన రోజులు కూడా ఇవే. ఈ చిత్రానికి మాటలు రాయడానికి తెనాలి నుంచి వచ్చిన చక్రపాణి తర్వాత నాగిరెడ్డికి జతగాడై విజయా సంస్థకు రెండో సగం అయ్యారు. బి.ఎన్. పని కోసం పిలిచిన మనిషి, తమ్ముడి సామ్రాజ్యానికి మూలస్తంభం అయ్యాడన్నమాట. ఇలాంటివి ఆయన జీవితంలో మరికొన్ని ఉన్నాయి.

వాటిలో పెద్దది స్టూడియో. 1948లో వాహినీ స్టూడియో మద్రాసులో వెలిసింది. సొంత స్టూడియో ఉంటే దర్శకుడికి మరింత స్వేచ్ఛ వస్తుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. స్టూడియో అన్నది ప్రతిరోజూ మేత అడుగుతుంది. ఫ్లోర్లు ఖాళీగా ఉంటే నష్టం, నిండితే యజమాని తీరిక పోతుంది. కొన్నాళ్లకే నిర్వహణ నాగిరెడ్డి చేతికి వెళ్లింది, తర్వాత యాజమాన్యం కూడా. విజయా వాహినీ పేరుతో అది ఆసియాలోనే పెద్ద స్టూడియోల్లో ఒకటిగా ఎదిగింది. అన్న కట్టుకున్న ఇల్లు తమ్ముడి పాలైందని దీన్ని విషాదంగా చెప్పేవారున్నారు. బి.ఎన్. పనితీరు చూస్తే అంత విషాదం కనిపించదు. స్టూడియో యజమానిగా ఉండి ఉంటే ‘మల్లీశ్వరి’ తర్వాత ఆయన ఎన్ని సినిమాలు తీసేవారో, ఎలాంటివి తీసేవారో ఊహించడం కష్టం కాదు. పోయింది ఆస్తి, మిగిలింది సమయం.

1951ని ప్రత్యేకంగా చూడాలి. ఆ ఏడాది మార్చిలో విజయా వారి ‘పాతాళభైరవి’ వచ్చింది, డిసెంబరులో వాహినీ వారి ‘మల్లీశ్వరి’ వచ్చింది. ఒకదానికి దర్శకుడు అనంతపురం జిల్లా మనిషి, రెండోదానికి కడప జిల్లా మనిషి. రెండింటిలోనూ కథానాయకుడు రామారావే. రెండూ ఒకే స్టూడియో గాలి పీల్చుకున్నవి. మొదటిది కాసుల వర్షం కురిపించింది. రెండోది ఎక్కువ కాలం, ఎక్కువ ఖర్చుతో తయారై, మొదటి విడుదలలో ఆ స్థాయి వసూళ్లు చూడలేదు. పేరు మాత్రం ఏళ్ల తరబడి పెరుగుతూ పోయింది, చైనా దాకా వెళ్లింది. దర్శకుల పద్ధతులూ ఈ తేడాకు తగ్గట్టే ఉండేవి. కె.వి. స్టాప్‌వాచీ పట్టుకుని, సన్నివేశం ఎన్ని అడుగులు వస్తుందో షూటింగుకు ముందే తేల్చుకునే మనిషి. బి.ఎన్. సన్నివేశం పండేదాకా ఆగే మనిషి.

‘మల్లీశ్వరి’ కథకు రెండు బీజాలు ఉన్నాయి. ఒకటి శ్రీకృష్ణదేవరాయల మీద బుచ్చిబాబు రాసిన నాటిక, మరొకటి దేవన్ శరార్ అనే రచయిత ఇంగ్లీషు వారపత్రికలో రాసిన చిన్న కథ. ఆ రెండింటినీ కలిపి అల్లే పనిలో బి.ఎన్. పక్కన కూర్చున్నది దేవులపల్లి కృష్ణశాస్త్రి. సినిమాకు ఆయన రాయడం అదే మొదలు. సాలూరి రాజేశ్వరరావు సంగీతం, ఎ.కె. శేఖర్ సెట్లు, ఆది ఇరానీ, కొండారెడ్డిల కెమెరా.

చిత్రాన్ని పాటల కోసం గుర్తుపెట్టుకునేవారే ఎక్కువ. కథా నిర్మాణాన్ని చూస్తే అసలు పనితనం బయటపడుతుంది. బావామరదళ్లు నాగరాజు, మల్లీశ్వరి. ఒక వానరాత్రి పాత మండపంలో తలదాచుకున్నప్పుడు, మారువేషంలో ఉన్న రాయలు, అల్లసాని పెద్దన అక్కడికి వస్తారు. మల్లి ఆటపాటలకు మురిసిన అతిథులతో నాగరాజు సరదాగా అంటాడు, రాయలవారికి చెప్పి మా మల్లికి పల్లకీ పంపించండి అని. రాజు ఆ మాట మరచిపోడు. పల్లకీ వస్తుంది. కానుకలు చూసి తల్లి సంబరపడుతుంది. మల్లి రాణివాసానికి వెళ్లిపోతుంది. అక్కడి స్త్రీని బయటి పురుషుడు కలిస్తే మరణదండన.

ఇందులో చెడ్డవాడు ఎవరు? రాజు దయగలవాడు, రసికుడు, మాట నిలబెట్టుకున్నవాడు. ప్రాణాల మీదికి తెచ్చేది ఆ దయే. అధికారం కోపంతో చేసే హాని గురించి కథలు బోలెడు ఉన్నాయి. అధికారం మెచ్చుకుని చేసే హాని గురించి తెలుగు తెర మీద ఇంత సున్నితంగా చెప్పిన చిత్రం మరొకటి దొరకదు. కోరకముందే ఇచ్చే ప్రభువు, ఇచ్చినదాన్ని వద్దనలేని ప్రజ. ఇది 1951లో, కొత్త ప్రభుత్వాలు కొత్త వరాలు ప్రకటిస్తున్న కాలంలో వచ్చిందని గుర్తుపెట్టుకుంటే చారిత్రక చిత్రం కాస్తా సమకాలీనంగా కనిపిస్తుంది. బి.ఎన్. అలా అనుకుని తీశారని కాదు. కథను నిజాయితీగా అల్లితే అలాంటి అర్థాలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి.

ఈ దుర్మార్గుడు లేని కథనమే బి.ఎన్. రచనలో అసలు ముద్ర. ‘సుమంగళి’లో శత్రువు ఆచారం. ‘స్వర్గసీమ’లో శత్రువు కథానాయకుడి సొంత బలహీనత. ‘బంగారు పాప’లో మనుషుల మీద నమ్మకం పోవడం. ‘రంగులరాట్నం’లో తోడబుట్టినవాళ్లే ఎదురెదురుగా నిలబడతారు, ఇద్దరిలో ఎవరినీ పూర్తిగా తప్పుపట్టలేం. ఆయన చిత్రాల్లో బలహీనమైనదాన్ని ఎంచమంటే చాలామంది 1960 నాటి ‘రాజమకుటం’ వైపు చూస్తారు. ఆయన తీసిన ఒకే ఒక్క జానపదం అది, తండ్రి హత్యకు కుమారుడు పగతీర్చుకునే కథ. రాజ్యం కాజేసే దుష్టుడు అందులో ఉన్నాడు. కత్తి పట్టిన శత్రువు ఎదుట నిలబడగానే ఆయన కథకు ఊపిరి ఆడలేదు. ముఠా కక్షల పేరుతో సినిమాలు పరువు తీసిన గడ్డ నుంచి వచ్చిన దర్శకుడికి కత్తి పట్టిన పాత్ర మాత్రం చేతకాలేదు.

ఆయన పక్కన కూర్చున్న రచయితలను వరుసగా చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. సముద్రాల గుంటూరు ప్రాంతం. చక్రపాణి తెనాలి. బుచ్చిబాబు ఏలూరు. కృష్ణశాస్త్రి పిఠాపురం వైపు. ‘బంగారు పాప’ నుంచి ఆయనకు స్థిర రచయితగా నిలిచిన పాలగుమ్మి పద్మరాజు పశ్చిమ గోదావరి. ‘పూజాఫలం’కు ఆధారమైన ‘పూజారి’ నవల రాసిన మునిపల్లె రాజు గుంటూరు జిల్లా. కె.వి. రెడ్డి వైపు చూసినా ఇదే. పింగళి ఉత్తరాంధ్రలో పుట్టి బందరులో పెరిగినవారు, డి.వి. నరసరాజు గుంటూరు జిల్లావారు. డబ్బు తాడిపత్రిది, దర్శకులు కడప, అనంతపురాల వాళ్లు, మాట మొత్తం కోస్తాది. తెలుగు సినిమా స్వర్ణయుగం అని చెప్పుకునే కాలంలో ఒక పెద్ద భాగం ఈ ఒప్పందం మీదే నడిచింది. ఎవరూ సంతకం చేయని ఒప్పందం.

దాని ఫలితం తెర మీద తెలుస్తుంది. కడపలో పుట్టిన దర్శకుడి పదకొండు చిత్రాల్లో పెన్న ఒడ్డు పల్లె లేదు, వేరుశనగ చేను లేదు, కరువు లేదు, సీమ మాట లేదు. ‘మల్లీశ్వరి’లో రాయలకాలం ఉంది, అది సీమకు దగ్గరి గతమే. పెనుకొండ విజయనగర రాజులకు రెండో రాజధాని. రాయల చేత అగ్రహారంగా పొందానని పెద్దన చెప్పుకున్న కోకటం కడప జిల్లాలోనే ఉంది. అయినా ఆ చిత్రంలోని వీరాపురం మాట్లాడేది కృష్ణశాస్త్రి తెలుగు. అది గొప్ప తెలుగు, అనుమానం లేదు. ఆ ఊరిది కాదు, అంతే. కె.వి. తీసిన ‘యోగి వేమన’ 1947లో వచ్చింది. వేమన సమాధి ఉన్నది అనంతపురం ప్రాంతపు కటారుపల్లిలో. సినిమా కథ మాత్రం కొండవీటి రెడ్డిరాజుల ఇంట మొదలవుతుంది.

సీమలో రాసేవారు లేక ఇలా జరగలేదు. పుట్టపర్తి నారాయణాచార్యులు ప్రొద్దుటూరులో ఉన్నారు. విద్వాన్ విశ్వం పత్రికారంగంలో ఉండి, 1950ల్లోనే ‘పెన్నేటి పాట’ రాశారు. ఎండిన పెన్న, ఆకలి, వలస అన్నీ అందులో ఉన్నాయి. ‘బంగారు పాప’ వచ్చిన కాలానికి అది సమకాలికం. విశ్వం, బి.ఎన్. ఒకచోట కూర్చుని ఉంటే అని అనుకోవడం తేలిక. కానీ అప్పటి సినిమాకు ఒక భాష స్థిరపడిపోయింది. చదువుకున్న కోస్తా ఇళ్ల మాట తెర మీద మర్యాదగా, మిగతావి వినోదానికి పనికొచ్చే యాసలుగా మారాయి. సౌండ్ స్టూడియోలు మద్రాసులో ఉన్నాయి, వెలుపల చిత్రీకరణ కష్టం. వ్యాపారంలోనూ సీమ చిన్న భాగమే. నిజాం, ఆంధ్ర, సీడెడ్ అని పంపిణీదారులు ఈనాటికీ వేసే లెక్కలో సీడెడ్ అంటే ఈ జిల్లాలే. నైజాం ఇంగ్లీషువాళ్లకు దత్తం చేసినప్పటి పేరు రెండు శతాబ్దాలు దాటినా సినిమా హక్కుల కాగితాల మీద ఉంది. టికెట్లు కొనే ప్రాంతంగా సీమ ఉంది గానీ కథ చెప్పే ప్రాంతంగా లేదు.

ఇందుకు బి.ఎన్.ను నిందించడం కుదరదు, ఆయన చేయనిదాన్ని చూడకుండా ఉండడమూ కుదరదు. ఆయన స్వతంత్రం కథల మీద ఉంది, కాలం మీద ఉంది, తారల మీద ఉంది. పలుకుబడి మీద లేదు. ఆ రంగంలో ఆయన తన కాలానికి విధేయుడు.

‘మల్లీశ్వరి’ తర్వాతి ప్రయాణాన్ని త్వరగా చూడవచ్చు. ‘బంగారు పాప’ జార్జ్ ఇలియట్ నవల ‘సైలస్ మార్నర్’ ఆధారంగా వచ్చింది. కథానాయకుడి స్థానంలో ఎస్.వి. రంగారావును నిలబెట్టడం ఆ రోజుల్లో సాహసమే. ఒంటరి మనిషి జీవితంలోకి ఒక పసిపాప వచ్చి అతణ్ని మార్చే కథకు అందమైన ముఖం అక్కర్లేదని దర్శకుడికి తెలుసు. కథానికకు ప్రపంచ పోటీలో బహుమతి తెచ్చుకున్న పద్మరాజును సినిమాకు తెచ్చింది ఈ చిత్రమే. జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రంగా గుర్తింపు వచ్చింది. 1957 నాటి ‘భాగ్యరేఖ’ బయటి నిర్మాతలకు తీసినది, దానికీ రాష్ట్రపతి రజత పతకం దక్కింది. సొంత సంస్థ లేకపోతే బి.ఎన్. పని నడవదన్న మాటకు ఇది సమాధానం. 1964 నాటి ‘పూజాఫలం’లో నాగేశ్వరరావు వేసినది మనసులో మాట చెప్పలేని బిడియస్థుడి పాత్ర. ప్రేమకథానాయకుడిగా జనం నెత్తిన పెట్టుకున్న నటుడితో అలాంటి పాత్ర వేయించడం ఆయనకే చెల్లింది.

1966 నాటి ‘రంగులరాట్నం’ దగ్గర కాస్త ఆగాలి. అప్పటికి బి.ఎన్. వయసు అరవైకి దగ్గర. రంగుల చిత్రాలు, భారీ తారలు వచ్చేశాయి. ఆయన మాత్రం చంద్రమోహన్ అనే కొత్త కుర్రవాణ్ని, అప్పుడప్పుడే పైకి వస్తున్న వాణిశ్రీని తీసుకున్నారు, బరువు మొత్తం తల్లి పాత్రలోని అంజలీదేవి మీద పెట్టారు. తర్వాత హిందీలో పెద్ద తార అయిన రేఖ ఇందులో చిన్నపిల్లగా కనిపించింది. పల్లె వదిలి పట్నం చేరిన కుటుంబం, ఎదిగిన కొడుకులు, ఎన్నికల్లో చెరో పక్షం. స్థానిక రాజకీయం ఇంటి వంటగదిలోకి ఎలా వస్తుందో చూపిన చిత్రం ఇది. 1954లోనే వాహినీ తరఫున కె.వి. రెడ్డి ‘పెద్దమనుషులు’ తీసి పురపాలక పెద్దల బండారం బయటపెట్టారు. అది వ్యంగ్యం, ఇది వేదన. కడప, కర్నూలు, అనంతపురాల్లో ఒకే ఇంటి అన్నదమ్ములు రెండు జెండాలు పట్టిన సంగతులు ఎరిగినవారికి ఈ కథ ఎక్కడిదో వేరే చెప్పనక్కర్లేదు. సీమ పేరు లేకుండా, సీమ యాస లేకుండా, సీమకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన ఆయన చిత్రం ఇదే అనిపిస్తుంది. జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రం గౌరవం దీనికీ వచ్చింది.

చివరి చిత్రం ‘బంగారు పంజరం’లో శోభన్‌బాబు, వాణిశ్రీ. కృష్ణశాస్త్రి పాటలు మళ్లీ వినిపించాయి. నింపాదిగా నడిచే కథ, నింపాదిని భరించలేని కాలం. తర్వాత ఆయన తీయలేదు. 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది, దక్షిణాది నుంచి ఆ గౌరవం మొదట అందుకున్నది ఆయనే. తమ్ముడు నాగిరెడ్డికి 1986 సంవత్సరానికి వచ్చింది. ఒకే పురస్కారం అన్నకు తక్కువ తీసినందుకు, తమ్ముడికి ఎక్కువ తీయించినందుకు దక్కిందని సరదాగా అనుకోవచ్చు. 1977 నవంబరు 8న బి.ఎన్. కన్నుమూశారు.

ఆయన పోయిన రెండు దశాబ్దాలకు సీమ తెర మీదకు వచ్చింది, బాంబులతో, సుమోలతో, తెల్లచొక్కాలతో. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’. కర్నూలు కొండారెడ్డి బురుజు 2003లో ‘ఒక్కడు’ వచ్చాక రాష్ట్రమంతటికీ పరిచయమైంది, అదీ ఒక కొట్లాట దగ్గర. ఈ చిత్రాలకు మాటలు రాసినవారు, కథలు అల్లినవారు ఎక్కువగా కోస్తావారే. ‘సమరసింహారెడ్డి’, ‘ఇంద్ర’ చిత్రాలకు మాటలు రాసిన పరుచూరి సోదరులది కృష్ణా జిల్లా. వాహినీ కాలంలో సీమ మనిషి దర్శకత్వం చేస్తే కోస్తా రచయిత మాట ఇచ్చాడు. ఇప్పుడు సీమ మనిషి వస్తువుగా మారాడు, మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. మొదటి ఒప్పందంలో సీమ తన పలుకును వదులుకుంది, రెండోదాంట్లో తన ముఖాన్ని కూడా. బి.ఎన్. కథల్లో దుర్మార్గుడు లేడు. ఈ కథల్లో మొత్తం ప్రాంతమే దుర్మార్గుడైంది.

మార్పు ఇటీవల మొదలైంది, అదీ మాట వైపు నుంచే. 2018లో వచ్చిన ‘అరవింద సమేత’ దర్శకుడు భీమవరం మనిషి. అందులో సీమ యాస కుదరడానికి కడప ప్రాంతపు జానపద కళాకారుడు పెంచల్ దాస్ సాయపడ్డారు, ఒక పాట కూడా రాశారు. కక్షలు ఆపే ఆడవాళ్ల గొంతు ఆ చిత్రంలో వినిపించడానికి ఆ యాస కొంత కారణం. 2021లో వచ్చిన ‘సినిమా బండి’ ఆంధ్ర కర్ణాటక సరిహద్దు పల్లెలో, అక్కడి మాటతో, తెలియని ముఖాలతో తీసినది. ఆటో నడుపుకునేవాడికి ఒక కెమెరా దొరికితే ఊరంతా కలిసి సినిమా తీయడానికి పూనుకునే కథ. అందులోనూ చెడ్డవాడు లేడు.